పైకప్పు చప్పుడు

గోయ్కో ఆ కారు కొన్న రోజునే వుకాషిన్ అతని తెలివిని తూకం వేసేశాడు. పళ్ళు పీకే డాక్టరు, నలభై దాటినవాడు, పొట్ట స్టీరింగుకు తగిలేవాడు, ముప్పై అయిదేళ్ళ నాటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడంటే ఆ జబ్బుకు మందు గ్యారేజీలో దొరకదు. అదీ ఎర్రటిది. పైగా దానికి సన్‌రూఫ్ ఒకటి. "నెత్తిన కిటికీ పెట్టుకుని తిరిగేవాడి నెత్తిలో ఏముంటుంది?" అని కొలుబారా నది ఒడ్డున కఫానాలో, పొద్దుటి కాఫీ దగ్గర, నలుగురి ముందూ అన్నాడు. నలుగురూ నవ్వారు. వల్యెవో ఊళ్ళో వుకాషిన్ ఎవరినైనా ఎగతాళి చేస్తే నవ్వి తీరాలి. నవ్వకపోతే తరవాతి వంతు మనదే.

అరవై నాలుగేళ్ళ ఈ కార్ల మేస్త్రీకి ఊళ్ళో నచ్చిన మనిషి లేడు. కొత్త కార్లు కొనేవాళ్ళు మూర్ఖులు, పాత కార్లు ఉంచుకునేవాళ్ళు పీనాసులు, కార్లు లేనివాళ్ళను గురించి అతను అసలు ఆలోచించలేదు. మిగతా మేస్త్రీల మాట ఎత్తితే పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

ఈ మిడిసిపాటుకు అతని దగ్గర ఆధారం ఉండేది. చెవి. కారులో ఏ మూల చప్పుడు వచ్చినా సరే, పక్కసీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని, వంద గజాలు పోనిచ్చి, "ఎడమ తలుపు, కింది మర, రెండు చుట్లు వదులు" అనేవాడు. విప్పి చూస్తే అదే. బెల్‌గ్రేడ్ నుంచి కూడా గిలక్కాయల్లాంటి కార్లు వేసుకుని వచ్చి, చప్పుడు లేకుండా తిరిగి వెళ్ళేవాళ్ళు.

ఆ చెవి పోయి రెండేళ్ళయింది.

పూర్తిగా కాదు. లావు చప్పుళ్ళు వినపడతాయి. లారీలు, కుక్కలు వినపడతాయి. మాటలు కూడా, మనిషి ముఖం కనపడుతుంటే, పెదవులు చూసి సగం, విని సగం అర్థమవుతాయి. సన్నటివే పోయాయి. ఈసారి కీచురాళ్ళు ఇంకా రాలేదేమిటని ఒక వేసవి సాయంత్రం భార్య రూజిత్సను అడిగాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, "వచ్చి మూడు వారాలైంది" అంది. ఆ తరవాత ఆమె అతన్ని పిలవాల్సివస్తే కాలితో నేలను తట్టడం మొదలుపెట్టింది. దాన్ని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. వయసులో ఉన్నప్పుడు పద్నాలుగేళ్ళు రేకులు అచ్చుకొట్టే ఫ్యాక్టరీలో పని చేశాడు. చెవుల్లో దూది పెట్టుకోమని ఫోర్‌మన్ చెబితే, దూది ముసలమ్మలు గాలికి పెట్టుకునేది అని నవ్వినవాడు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ బాకీ తీర్చుకుంటోంది.

చప్పుళ్ళ మేస్త్రీకి చెవుడు వచ్చిందని తెలిస్తే ఏమవుతుందో వుకాషిన్‌కు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా తను ఈ ఊరికి పంచిపెట్టిన ఎగతాళి అంతా వడ్డీతో తిరిగి వస్తుంది. అందుకే చప్పుడు పని ఏది వచ్చినా, "ఇలాంటి డబ్బాలకు నా చెవి అరువివ్వను" అని తోసేసి, సీట్లూ పైకప్పు బట్టలూ కుట్టుకుంటూ బతుకుతున్నాడు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున డాక్టరు గోయ్కో కఫానాలోకి వచ్చాడు. వచ్చింది వుకాషిన్ కోసం కాదు, స్రెతెన్ కోసం. స్రెతెన్ గ్యారేజీ వంతెనకు అవతల. ఒకప్పుడు ఇద్దరూ ఆ ఫ్యాక్టరీలోనే పక్కపక్క మిషన్ల మీద పని చేశారు. తరవాత ఆరేళ్ళు కలిసి గ్యారేజీ నడిపారు. ఒక గేరుబాక్సు ఎవరు చెడగొట్టారన్న దగ్గర విడిపోయారు. పదకొండేళ్ళుగా ఒకే కఫానాలో, రెండు బల్లల దూరంలో, ఒకరికొకరు వీపు చూపించి కాఫీ తాగుతున్నారు.

"మేస్త్రీ గారూ, మీ దగ్గర్నుంచి తెచ్చి వారం కాలేదు, మళ్ళీ టికటికమంటోందండీ ఆ సన్‌రూఫ్," అన్నాడు గోయ్కో. "నెత్తి మీద ఎవడో కూర్చుని పళ్ళు కొరుకుతున్నట్టుంది."

"నువ్వు పొద్దస్తమానం పళ్ళతోనే కదా డాక్టరూ, నీకు అలాగే వినపడుతుంది," అన్నాడు స్రెతెన్. "నేను సర్దేశాను. కారులో చప్పుడు లేదు. ఉంటే నీ బుర్రలో ఉంది."

"మా అమ్మకి కూడా వినపడుతోందండీ."

"మరి నీ బుర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?"

అందరూ నవ్వారు. గోడకున్న అద్దంలో వాళ్ళ పెదవులు చూసి అంతా పోల్చుకున్న వుకాషిన్, స్రెతెన్‌కు వచ్చిన నవ్వును భరించలేకపోయాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి వీడిలాంటివాడే," అన్నాడు గోడకేసి చూస్తూ, అందరికీ వినపడేలా. "ముగ్గురు మేస్త్రీలట, నాలుగు నెలలట. ఒక్క పైకప్పు!"

స్రెతెన్ కుర్చీ తిప్పాడు. "అయితే నువ్వు చూడరాదూ? రెండేళ్ళ నుంచి చప్పుడు పని ఏది వచ్చినా పొమ్మంటున్నావు. ఏం, చేతులు వణుకుతున్నాయా? లేకపోతే భయమా?"

కఫానా మొత్తం వుకాషిన్ వైపు తిరిగింది. ఇంకోసారి కాదంటే ఎందుకని అడుగుతారు. అడగడం మొదలుపెడితే ఆగరు.

"శనివారం పొద్దునకి దాని నోరు మూయిస్తాను," అన్నాడు వుకాషిన్. "తెష్న్యార్ రాళ్ళవీధిలో నడుపుదాం. నువ్వే వెనక సీట్లో కూర్చుని విను. ఒక్క చప్పుడు వినపడిందా, నా గ్యారేజీ బోర్డు నా చేత్తోనే దించేస్తాను."

"అందరూ విన్నారుగా?" అన్నాడు స్రెతెన్.

విన్నారు. వినపడనివాడు ఒక్కడే ఉన్నాడు, వాడే పందెం కాశాడు.

బుధవారం కారు గ్యారేజీకి వచ్చింది. మేస్త్రీ అన్నవాడు వస్తూనే పనిముట్టు పట్టుకోడు. ముందు కారు చుట్టూ ఒకసారి తిరగాలి. నిట్టూర్చాలి. తల అడ్డంగా ఊపాలి. ఆపైన ఒక ప్రశ్న అడగాలి. అది అడగని మేస్త్రీకి పని రాదని జనం నమ్మకం. వుకాషిన్ ఇవన్నీ పద్ధతి ప్రకారం చేసి, సన్‌రూఫ్ లోపలి పలకను వెనక్కి జరిపి, స్టూలు మీద నుంచి తల దూర్చి చూసి, అడిగాడు.

"ఎవడు చేశాడిది నీకు?"

"మీకు తెలుసు కదండీ. స్రెతెన్ గారు."

"తెలుసులే. అయినా అడగాలి."

లోపల పట్టాల వెంట నల్లటి టేపు చుట్టలు, మందపాటి కంబళి ముక్కలు, రెండు చోట్ల అగ్గిపుల్లలు. ఎక్కడ చప్పుడో తెలియనివాడు అన్నిచోట్లా కుక్కేసినట్టుంది. వుకాషిన్ ఒక్కొక్కటీ పీకి డాక్టరు అరచేతిలో పెట్టాడు. "దాచుకో. మీ ఇంటికి వచ్చినవాళ్ళకి చూపించు. ఇతను ఈ ఊళ్ళో మేస్త్రీ అని చెప్పు."

గోయ్కో వాటిని భయభక్తులతో జేబులో వేసుకున్నాడు. చెత్త జేబులో వేసుకునే మనిషిని చూసి వుకాషిన్ తన లెక్కలో ఇంకో మెట్టు కిందికి దించాడు.

ఇప్పుడు అసలు కష్టం వచ్చింది. చప్పుడు ఎక్కడో తెలియాలి. అతనికి వినపడదు. చెయ్యి పెట్టి చూద్దామంటే, పైకప్పును ఏ మూల నొక్కితే ఆ మూల చప్పుడు ఆగిపోతుంది. ఆగిందని తెలియాలంటే మళ్ళీ చెవే కావాలి. ముందు రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం చేసి ఉంచాడు. అరువు చెవి ఎదురుగానే ఉంది.

"చూడు డాక్టరూ," అన్నాడు, పక్కసీట్లో కూర్చుంటూ. "ముందు నీ చెవికి పరీక్ష. సగం మందికి చప్పుడు ఒకచోట పుడితే ఇంకోచోట వినపడుతుంది. అలాంటివాళ్ళకి నేను పని చెయ్యను. నడుపుతూ ఉండు. చప్పుడు వచ్చినప్పుడల్లా నా మోకాలి మీద తట్టు. గట్టిగా వస్తే గట్టిగా, నెమ్మదిగా వస్తే నెమ్మదిగా. నోరెత్తావా, దిగిపోతాను."

"మాట్లాడకూడదాండీ?"

"నువ్వు మాట్లాడుతుంటే నేనేం వినను?"

ఇద్దరూ మెడలకు మఫ్లర్లు బిగించుకుని, అద్దాలు రెండూ పైకెత్తి, బయట ఎండ కాస్తుంటే లోపల చెమటలు కక్కుతూ తెష్న్యార్ రాళ్ళ మీద నాలుగుసార్లు తిరిగారు. గోయ్కో చెయ్యి వుకాషిన్ మోకాలిని తడుతూనే ఉంది. ముందు ఎడమ మూల నొక్కాడు. తట్టడం ఆగలేదు. ముందు కుడి మూల. ఆగలేదు. వెనక కుడి మూలన వేలు పెట్టగానే మోకాలు ప్రశాంతంగా ఉంది. తీశాడు, తట్టింది. పెట్టాడు, ఆగింది.

"ఫరవాలేదు," అన్నాడు వుకాషిన్. "మధ్యరకం చెవి. పని చేస్తాను."

డాక్టరు బడిలో మార్కులు వచ్చిన పిల్లాడిలా మురిసిపోయాడు. ఛీ, ఇంత చదువూ దేనికి, అనుకున్నాడు వుకాషిన్.

"ఈ కప్పు ఎప్పుడన్నా తెరుస్తావా నువ్వు?"

"అయ్యో, లేదండీ. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. అమ్మ ఒప్పుకోదు. సందుగాలి కదా."

ఒక సందులోంచి దూరి ఇంకో సందులోంచి పోయే గాలి మెడకు తగిలిందంటే మెడ పట్టేస్తుంది, నడుం పట్టేస్తుంది, మూతి వంకరపోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఈ డాక్టరు నోట వచ్చిన మొదటి తెలివైన మాట అదేనని వుకాషిన్ తల ఊపాడు.

గురువారం ఆ మూల విప్పాడు. పట్టా మీద జారే ప్లాస్టిక్ బిళ్ళ రెండు ముక్కలై ఉంది. ఆ వయసు కారుకు ఆ బిళ్ళ ఎక్కడా దొరకదు. రూజిత్స వంటింట్లోంచి తెల్ల ప్లాస్టిక్ కూరలపలక పట్టుకొచ్చి, ఒక మూల కోసి, ఆకురాయితో అరగదీసి, విరిగినదానికి అచ్చు అలాంటిదే చెక్కాడు. అతని చేతుల్లో దేవుడు ఉన్నాడు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. చెవిలోంచే లేచిపోయాడు.

"ఉల్లిపాయలు దేని మీద తరగమంటావు?" అంది రూజిత్స గుమ్మంలో నిలబడి.

"స్రెతెన్ తల మీద."

ఆమె నవ్వలేదు. అతనికి ఎదురుగా వచ్చి, పెదవులు కనపడేలా నిలబడి, "శనివారం వెళ్ళకు," అంది. "జ్వరం అని చెబుతాను."

"నీకేం తెలుసు, నోర్మూసుకో," అన్నాడు వుకాషిన్. ఆమెకు అంతా తెలుసని అతనికీ తెలుసు.

శుక్రవారం పొద్దున బిళ్ళ బిగించి, గోయ్కోను ఎక్కించుకుని తిరిగాడు. మొదటి మలుపు దాకా మోకాలు బాగానే ఉంది. రాళ్ళ మీదకు రాగానే తట్టింది.

"చాలా తగ్గిందండీ," అన్నాడు గోయ్కో ఓదార్పుగా.

"తగ్గడం ఏమిటయ్యా! నువ్వు సగం పన్ను పీకి తగ్గిందంటావా?"

గ్యారేజీకి తిరిగి వచ్చి కప్పు మళ్ళీ విప్పాడు. మరలు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. తలుపు వేసుకుని ఒక్కడూ కారులో కూర్చుని ఏడవాలనిపించింది. బోర్డు మీద తన పేరు తనే రాసుకున్నాడు, పదకొండేళ్ళ క్రితం, ఎర్రరంగుతో. రేపు ఆ దరిద్రుడు వెనకసీట్లో కూర్చుని, ఉందని ఒక్క మాట అంటే చాలు. ఉందో లేదో తనకు తెలియదు. అబద్ధమాడినా తెలియదు. కుడితిలో పడ్డ ఎలుక బతుకు కూడా ఇంతకంటే నయం.

చెవి లేకపోయినా గోరు ఉంది. కప్పు మూసి, అంచు చుట్టూ చూపుడువేలి గోరు పోనిచ్చాడు. మూడు వైపులా సాఫీగా పోయింది. వెనక కుడి మూలన గోరు తట్టుకుంది. కప్పు అక్కడ వెంట్రుకవాసి లేచి ఉంది. ఎంత బిగించినా లేస్తోందంటే కింద నుంచి ఏదో ఎత్తుతోంది. లోపలి బట్ట అంచులోంచి చిటికెనవేలు దూర్చాడు. మెత్తగా తగిలింది. పట్టుకుని లాగాడు.

ఉన్ని. తెల్లటి గొర్రె ఉన్ని. లాగేకొద్దీ వచ్చింది, జానెడు, మూరెడు, దోసెడు. ఆ సందంతా గట్టిగా దట్టించి ఉంది.

"ఎవడు చేశాడిది?" అన్నాడు వుకాషిన్. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నను నిజంగా తెలుసుకోవడానికి అడిగాడు.

గోయ్కో చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మ అయి ఉంటుందండీ," అన్నాడు.

అమ్మను పిలిపించారు. దెసాంకమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు. తలకు నల్లగుడ్డ, దాని కింద ఇంకో గుడ్డ. ఉన్ని కుప్పను చూడగానే ఆమె చెయ్యి నడుం మీదకు పోయింది.

"నేనే పెట్టాను. ఏటా అక్టోబరులో, అల్లికసూదితో. ఏం? మా తమ్ముడి గొర్రెల ఉన్ని అది, బజారు సరుకు కాదు. ఎవడు పీకమన్నాడు నిన్ను?"

"పెద్దమ్మా, అది ఉండబట్టే కప్పు సరిగ్గా కూర్చోవడం లేదు. అందుకే ఆ టికటిక."

"టికటిక వల్ల ఎవడూ చావడు నాయనా. సందుగాలి వల్ల మా ఆయన పోయాడు."

"నాన్న లారీ కింద పడి పోయాడమ్మా," అన్నాడు గోయ్కో.

"లారీని ఎందుకు చూసుకోలేదు? మెడ తిరగలేదు గనక. మెడ ఎందుకు తిరగలేదు?"

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే వుకాషిన్‌కు తోచింది. స్రెతెన్‌తో కలిపి ముగ్గురు మేస్త్రీలు నాలుగు నెలలపాటు ఆ కప్పు మూసి, అద్దాలు మూసి, మఫ్లర్లు కట్టుకుని చూశారు గానీ, కదులుతున్న కారులో దాన్ని ఒక్కసారి తెరిచి చూడాలని ఒక్కడికీ పుట్టలేదు. తెరిచి ఉంటే ఉన్ని పోగులు వాళ్ళ ముక్కుల్లోకే ఎగిరేవి. తనకూ పుట్టలేదు, నిజమే. కానీ తను వేరు.

గాలి చొరకుండా అంచు చుట్టూ పలచటి కొత్త రబ్బరు వేస్తానని ముసలమ్మకు మాట ఇచ్చాడు. ఆమె నమ్మలేదు. "రేపు నేనూ ఎక్కుతాను. మెడకు గాలి తగిలిందా, నీ సంగతి చూస్తాను," అంది. సాయంత్రం ఇంకోసారి రాళ్ళ మీద తిరిగారు. గోయ్కో చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. మోకాలికి ఒక్క తట్టు కూడా తగలలేదు.

శనివారం పది గంటలకు కఫానా జనమంతా తెష్న్యార్ మొదట్లో నిలబడ్డారు. గోయ్కో నడిపాడు. ముందుసీటు దెసాంకమ్మది. స్పోర్ట్స్ కారు వెనకసీటు అంటే పేరుకే సీటు, ఇద్దరు పిల్లలు పడతారు. అందులో పదకొండేళ్ళ విరోధులు ఇద్దరూ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఒకడి భుజం ఒకడికి గుచ్చుకుంటూ కూలబడ్డారు.

"కొంచెం జరుగు," అన్నాడు వుకాషిన్.

"ఎక్కడికి? డిక్కీలోకా?"

కారు కదిలింది. రాళ్ళు వచ్చాయి. వుకాషిన్ అరికాళ్ళకు అదురు తెలుస్తోంది, తొడలకు తెలుస్తోంది, చెవులకు మాత్రం ఇంజను గురక తప్ప ఏమీ లేదు. మోకాలు తట్టే చెయ్యి లేదు. ఎదుటి అద్దంలో గోయ్కో కళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఆ కళ్ళు నవ్వుతున్నాయి. బాగానే ఉన్నట్టుంది. స్రెతెన్ కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, పూజలో కూర్చున్నవాడిలా వింటున్నాడు. అలా కళ్ళు మూసుకోవడం తను మొదలుపెట్టిన పద్ధతి. అది కూడా దొంగిలించాడు.

వీధి చివర స్రెతెన్ కళ్ళు తెరిచాడు. "ఆపు," అన్నాడు.

గోయ్కో ఆపి, ఇంజను కట్టేశాడు.

"ఉంది," అన్నాడు స్రెతెన్. "వెనక కుడి మూల. సన్నగా."

వుకాషిన్ నోట్లో తిట్టు సిద్ధంగా ఉంది, కానీ దాని కింద నిలబడడానికి నేల లేదు. లేదని తను ఏ చెవితో చెబుతాడు?

"ఎక్కడండీ?" అన్నాడు గోయ్కో వెనక్కి తిరిగి. "నాకేం వినపడలేదే!"

"నీకెక్కడ వినపడుతుంది," అన్నాడు స్రెతెన్.

అప్పుడు దెసాంకమ్మ ఏదో అంది. మెడ పట్టేస్తుందన్న భయంతో ఆమె ఎప్పుడూ వెనక్కి తిరిగి మాట్లాడదు, రోడ్డుకేసి చూస్తూనే అంది. వుకాషిన్‌కు గొంతు వినపడింది, మాట తెలియలేదు. ఎండకు అడ్డంగా ఆమె దించుకున్న పలకకు చిన్న అద్దం ఉంది. పెదవులు అందులో కనపడతాయి. అతను ఆ అద్దం కోసం చటుక్కున మధ్యకు వంగాడు. ఠంగుమని తలకు తల తగిలింది.

స్రెతెన్ కూడా వంగాడు. అదే క్షణంలో, అదే అద్దంలోకి.

ఆ వేలెడంత అద్దంలో ఇద్దరి కళ్ళూ ముసలమ్మ పెదవుల మీద ఉన్నాయి. తరవాత ఒకరి మీద ఒకరు పడ్డాయి. స్రెతెన్ ముఖంలో రంగు పోయింది. తేలు కుట్టిన దొంగ ముఖం అది. రెండేళ్ళుగా గడ్డం గీసుకునేటప్పుడు వుకాషిన్ రోజూ చూస్తున్న ముఖం.

పద్నాలుగేళ్ళు పక్క మిషన్. దూది పెట్టుకోమంటే తనతోపాటు నవ్వింది వీడే. ఆ టేపు చుట్టలు, ఆ కంబళి ముక్కలు, ఆ అగ్గిపుల్లలు చేతగానితనం కాదు. చీకట్లో తడుముకోవడం. చప్పుడు ఎక్కడో తెలియక అన్నిచోట్లా కుక్కాడు, పాపం, వెధవ.

ఒక్క మాట చాలు. "వీడికి చెవుడు" అని కారు దిగి అంటే చాలు, కఫానా అంతా పగలబడి నవ్వుతుంది, స్రెతెన్ సోమవారం నుంచి వీధిలోకి రాలేడు. పదకొండేళ్ళుగా దేనికోసం ఎదురుచూశాడో అది తెరిచిన అరచేతిలోకి వచ్చి పడింది. వుకాషిన్ నాలుక చివర దాకా వచ్చింది కూడా. స్రెతెన్ కొట్టే చెయ్యి కోసం చూసే మనిషిలా మెడ లోపలికి లాక్కున్నాడు. వుకాషిన్‌కు ఆ మనిషి మీద అసహ్యం వేసింది. తరవాత తన మీద తనకు వేసింది, ఇంకా ఎక్కువగా.

"ఉంది," అన్నాడు వుకాషిన్.

"ఏముందండీ?" అన్నాడు గోయ్కో.

"చప్పుడు. నాకూ వినపడింది. వెనక కుడి మూల."

"కానీ నిన్న మీరే కదండీ..."

"నిన్న నిన్న. ఇవాళ ఇవాళ. నీది మధ్యరకం చెవని చెప్పానా లేదా? పళ్ళు పీక్కోవయ్యా, మాకు పని నేర్పకు."

"నాకూ ఏమీ వినపడలేదు," అంది దెసాంకమ్మ, ఈసారి గట్టిగా.

"నీకు గాలి తగిలిందా పెద్దమ్మా?"

"లేదు."

"అయితే నీ పని అయిపోయింది."

కారు దిగి, కఫానా జనం ముందు నిలబడి, చప్పుడు ఉందని తన నోటితోనే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. డాక్టరుకు వినపడని చప్పుడు, వాళ్ళమ్మకు వినపడని చప్పుడు ఈ ఇద్దరికీ వినపడిందట అని గుసగుసలు పోయారు. మధ్యాహ్నం లోపల వుకాషిన్ నిచ్చెన వేసుకుని బోర్డు నాలుగు మరలూ విప్పాడు. రూజిత్స కింద నిచ్చెన పట్టుకుంది. బోర్డును గోడకు తిప్పి పెట్టి, ఇంట్లోకి వెళ్ళి, ఒక గ్లాసు రకియా సారా పోసుకుని తాగాడు.

సోమవారం గోయ్కో కారు తెచ్చి వదిలిపెట్టి వెళ్ళాడు. కాసేపటికి స్రెతెన్ వంతెన దాటి వచ్చాడు, చేతిలో పనిముట్ల పెట్టెతో. బోర్డు లేని గోడను చూశాడు. ఇద్దరూ కారులో కూర్చుని తలుపులు వేసుకుని, అద్దాలు పైకెత్తుకున్నారు. ఆ కారులో బాగుచెయ్యడానికి ఏమీ లేదు.

"ఎందుకన్నావు ఉందని?" అన్నాడు స్రెతెన్.

"ఆ?"

"ఎందుకన్నావు అంటున్నా!" అని అరిచాడు స్రెతెన్.

"నువ్వెందుకన్నావు!" అని అరిచాడు వుకాషిన్.

"లేదంటే ఆ డాక్టరు ఉందంటాడేమోనని! నాకు వినపడలేదని తెలిసిపోతుందని!"

"దరిద్రుడా! నాకూ అదే భయం!"

ఎప్పటి నుంచి అని వుకాషిన్ అరిచాడు. నాలుగేళ్ళ నుంచి అని స్రెతెన్ అరిచాడు. నీ పెళ్ళానికి తెలుసా అని ఒకడు, దానికి తెలియందేముంది అని ఇంకొకడు. ఏ చెవి మొదట పోయింది, ఫోను మోగితే ఏం చేస్తావు, మనవరాలి గొంతు వినపడుతుందా, లేదు, నాకూ లేదు. ఏళ్ళ తరబడి పెదవులు చూస్తూ, తల ఊపుతూ, సగం సగం బతికిన ఇద్దరూ గొంతు చించుకుని మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అన్ని మాటలూ వినపడ్డాయి.

వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు గ్యారేజీ ముందు ఆగారు. మూసిన అద్దాల వెనక రెండు ఎర్రటి ముఖాలు, ఊగుతున్న చేతులు కనపడ్డాయి.

"బోర్డు దిగింది గానీ ఆ నోరు దిగలేదు చూశావా," అంది ఒకామె.

"పాపం ఆ స్రెతెన్," అంది రెండో ఆమె, ఇద్దరూ బజారుకు వెళ్ళిపోయారు.